ఎడమకు తిరిగిన హ్యాండిలు

కరుణాకుమారి రోజూ ఏడున్నరకు భర్తకు చద్దన్నం పెట్టి, ఆయన సైకిలు స్టాండు తీస్తుంటే గడపలో నిలబడి చూసేది. కృపాదానం తోటపల్లి గూడూరు నుంచి మూడు మైళ్ళ అవతల, సముద్రం వైపున్న పాలెంలో బడిపంతులు. సైకిలు మాత్రం ఆయన తండ్రి, కాంపౌండరు అబ్రహాముగారిది. ఇంగ్లండు నుంచి దిగిన నల్ల సైకిలు. ఎవరింట్లో ప్రాణం మీదికి వస్తే ఆ ఇంటివైపు దాని హ్యాండిలు తిరుగుతుంది. పెద్దాయన పోయినా ఆ గుణం పోలేదు. అది ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్ళు మారుమాట లేకుండా నెల్లూరు ఆస్పత్రికి బండి కట్టేవాళ్ళు. అంతటి మంచి సైకిలు తమ ఊళ్ళో ఉన్నందుకు సంతోషించడమే తప్ప, ఎందుకు, ఏమిటి అని అడిగిన వాళ్ళు లేరు.

అరవై రెండులో, వానలు పట్టిన ఒక సోమవారం, స్టాండు తీయగానే ఆ హ్యాండిలు ఎడమకు తిరిగింది. ఎడమ పక్కన ఉన్నది వాళ్ళ సొంత గడప. గడపలో ఎనిమిదో నెల కడుపుతో కరుణాకుమారి.

అంతకు ముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఆ పూటే బండి కట్టించుకొని నెల్లూరు వెళ్ళారు. డాక్టరమ్మ చెయ్యి పట్టి చూసింది, పొట్ట మీద గొట్టం పెట్టి విన్నది, తల్లీ బిడ్డా నిక్షేపంగా ఉన్నారని చెప్పి పంపేసింది.

మంగళవారం హ్యాండిలు మళ్ళీ ఎడమకే తిరిగింది. బుధవారమూ అంతే. కరుణాకుమారికి నీళ్ళ బిందె ఎత్తాలంటే భయం, మెట్టు దిగాలంటే భయం. పొట్టలో బిడ్డ కదిలితే భయం, కదలకపోతే ఇంకా భయం. గురువారం పొద్దున కృపాదానం కంచం ముందు కూర్చొని రెండు ముద్దలు కూడా తినలేకపోయాడు.

"భయానికి దవడలు పట్టేసినాయి కరుణా," అన్నాడు పళ్ళ సందునుంచి. "ఈ సైకిల్ని రమణయ్య కాడ మార్పించేస్తా. పాతబడి పిచ్చెక్కినట్టుంది దీనికి."

"మామయ్య వస్తువండీ. అది చూపించకుండా చేస్తే, రావాల్సింది రాకుండా పోతదా?"

ఆయన సైకిలు తోసుకుంటూ బయలుదేరాడు. కాలికి కట్టుకున్న గుడ్డ వల్ల కొంచెం కుంటుతున్నాడు. కరుణాకుమారి కొంగు సర్దుకొని వెనకే నడిచింది. తన చావును తనకు తెలియకుండా దాచేస్తారేమోనని ఆమె భయం.

రమణయ్య సైకిలు షాపు బజారు చివర. అబ్రహాముగారి రోజుల నుంచీ ఆ సైకిలుకు గ్రీజు పెట్టినవాడు. కరుణాకుమారికి బల్ల చూపించి కూర్చోమన్నాడు.

"కొత్త ఫోర్కు, కొత్త హ్యాండిలు వెయ్యి రమణయ్యా. వెనక పెద్ద క్యారియరు పెట్టు. పాతది ఒక్కటి కూడా నా కంటికి కనపడకూడదు."

రమణయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఇట్టాంటి ఇనుము ఇప్పుడు దొరకదు అయ్యోరా. తుప్పు గీకి, బాల్సులు మార్చి, నల్లరంగు కొడితే మీ నాయన ఎక్కిన సైకిలే మళ్ళీ మీ చేతికిస్తా. కొత్తవి వేసినామంటే, అది తొక్కేదానికి పనికొస్తది. అంతే."

"తొక్కేదానికి పనికొస్తే చాలు."

రమణయ్య నిట్టూర్చి ముందు చక్రం ఊడదీశాడు. హ్యాండిలు బోల్టుకు పానా పెట్టబోయాడు. హ్యాండిలు తిరిగింది.

కరుణాకుమారి కూర్చున్నది కుడిపక్క. అది మళ్ళీ ఎడమకే తిరిగింది. అక్కడ కృపాదానం ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇటు రాండి," అంది ఆమె. ఆయన చుట్టూ తిరిగి వచ్చి భార్య వెనక నిలబడ్డాడు. చక్రం లేని ఫోర్కు ఆయనతోపాటే మెల్లగా తిరిగి వచ్చింది. ఆమెను బల్ల మీదే వదిలి ఆయన గుమ్మం దాకా పోతే గుమ్మం వైపు తిరిగింది.

సైకిలు తోసేవాళ్ళు ఎవరైనా దానికి ఎడమ పక్కనే నిలబడతారు. మూడు పొద్దులు సైకిలుకూ గడపకూ నడుమ నిలబడ్డ మనిషిని ఇద్దరిలో ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు.

"కాలికి ఆ గుడ్డేంది అయ్యోరా?"

"పోయినవారం మడ్‌గార్డు తుప్పురేకు కోసుకుంది."

"నోరు తెరవండి," అన్నాడు రమణయ్య.

తెరుచుకోలేదు. రమణయ్య చేతిలోని పానా కింద పడింది. రమణయ్య తమ్ముడు ఇలాగే దవడలు బిగిసి ధనుర్వాతంతో పోయాడు. రోడ్డు మీదికి పరుగెత్తి, నెల్లూరు పోతున్న ధాన్యం లారీకి అడ్డం నిలబడ్డాడు.

కృపాదానాన్ని ఆస్పత్రిలో చీకటిగదిలో పడుకోబెట్టారు. చిన్న చప్పుడైనా ఒళ్ళు విల్లులా వంగిపోతుందని ఎవరినీ రానివ్వలేదు. కరుణాకుమారి రోజూ రమణయ్య షాపుకు వచ్చేది. చక్రం లేని సైకిలు నెల్లూరు వైపు తిరిగి ఉండేది.

"అది అట్టా ఉన్నన్నాళ్ళూ అయ్యోరు ఉన్నట్టేనమ్మా," అనేవాడు రమణయ్య. ఫోర్కు మీద చెయ్యి వేయడానికి భయపడి, మిగతా తుప్పు మాత్రం గీకుతూ కూర్చునేవాడు.

మూడో వారం మొదట్లో ఇంట్లోనే కాన్పు అయింది. నాలుగోనాడు రమణయ్య తలుపు దగ్గరికి వచ్చి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"హ్యాండిలు తిన్నగైపోయిందమ్మా."

గండం గడిచినా తిన్నగవుతుంది. మనిషి పోయినా తిన్నగవుతుంది. పచ్చిబాలింత కరుణాకుమారి బిడ్డను గుడ్డల్లో చుట్టుకొని, వద్దన్నవాళ్ళను తోసుకొని బస్సెక్కింది. పదిమైళ్ళూ ఆమెకు ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

చీకటిగది ముందు నర్సమ్మ అడ్డం వచ్చింది. "ఉన్నారా?" అని అడగబోయింది. అంతలో చంకలో బిడ్డ ఆకలికి గుక్కపెట్టి ఏడ్చింది. నర్సమ్మ బెదిరిపోయి బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

లోపల నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"కరుణా, పుట్టింది పాపా, బాబా?"