కనిపెట్టనివాడి పేరు

మెరెడిత్ పాస్కోకి గ్రాంట్ టోల్‌హర్స్ట్ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. హోబర్ట్‌లో ఆమె పనిచేసే యూనివర్సిటీలో, పరిశోధకులు కనిపెట్టినవాటిని కంపెనీలకు అప్పగించే ఆఫీసుకు అతను పెద్ద. అప్పగించడం పేరుకే. గడ్డివాము కాడ కుక్క సామెత అతన్ని చూసే పుట్టిందని ఆమె నమ్మకం.

ఆమె ఒక పూత కనిపెట్టింది. ఆల్చిప్పలు పెంచే బుట్టలకు అది రాస్తే పాచి పట్టదు, నీళ్లలో విషమూ కలవదు. గ్రాంట్ దానికి ఆకాశమంత ధర చెప్పి, వచ్చిన కంపెనీలనల్లా తరిమేశాడు. దక్షిణాన సముద్రపు పాయల్లో ఆల్చిప్పల పెంపకందార్లు ఈనాటికీ బుట్టలు మోసి, గీకి, నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. తనను నమ్మి ఆ పూతను తమ బుట్టల మీద పరీక్షించనిచ్చింది వాళ్లే. ఇప్పుడు ఆ రేవుకు వెళ్లాలంటే ఆమెకు మొహం చెల్లడం లేదు.

అందుకే యూనివర్సిటీ పేటెంట్ నిబంధనలు మార్చడానికి కమిటీ వేస్తే పట్టుబట్టి అందులో చేరింది.

"రెండేళ్లలో ఎవరికీ ఇవ్వలేకపోతే, కనిపెట్టినవాళ్లకే తిరిగి ఇచ్చెయ్యాలి," అంది.

"ఇచ్చేస్తే ఏం చేసుకుంటావ్? ఇంటి గోడకి రాసుకుంటావా?" అన్నాడు గ్రాంట్.

"నీ బీరువాలో కుళ్లడం కన్నా నయమే కదా."

"సరే, ఆ నిబంధనే రాసుకోండి. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దు."

నిబంధన నెగ్గింది. మొట్టమొదట వెనక్కి వచ్చింది ఆమె పూతే. ఆ కాగితాలు గ్రాంట్ స్వయంగా తెచ్చిచ్చాడు. మొహంలో నవ్వు దాచుకోలేదు.

"కనిపెట్టినవాళ్లు ఇద్దరు. నువ్వూ, మీ కార్క్‌హిల్ గారూ. ఆయన ఒప్పుకోందే నువ్వు ఎవరికీ ఇవ్వలేవు. చట్టం అంతే."

ప్రయోగశాలల్లో ఓ ఆచారం ఉంది. ఏ వ్యాసం రాసినా చివర ప్రయోగశాల పెద్దాయన పేరు పెట్టాలి, ఆయన ఆ గదిలో అడుగు పెట్టకపోయినా సరే. పేటెంటులోనూ ఆమె అలవాటుగా, అప్పట్లో తన ప్రయోగశాలకు పెద్దయిన కార్క్‌హిల్ పేరు పెట్టేసింది. వ్యాసంలో అది మర్యాద. పేటెంటులో అయితే ఆస్తిలో సగం రాసిచ్చినట్టే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పైగా అలిస్టర్ కార్క్‌హిల్ రిటైరై, బుట్టలు కడిగే యంత్రాలు అమ్మే కంపెనీలో డైరెక్టరుగా చేరాడు. ఆ పూత బయటికొస్తే ఆ యంత్రాలు ఎవరు కొంటారు? అయినా ఆమె ఆయన ఇంటికి వెళ్లింది.

"మీరు ఆ పని ముట్టుకోనైనా లేదు, అలిస్టర్."

"ముట్టుకున్నానని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా," అన్నాడాయన టీ చల్లార్చుకుంటూ. "అది అబద్ధమని పేటెంట్ ఆఫీసుకి నువ్వే రాసుకో. అబద్ధపు సంతకాలు పెట్టేదాన్ని మీ యూనివర్సిటీవాళ్లు ఉద్యోగంలో ఉంచుతారేమో చూద్దాం."

"సిగ్గు లేదా నీకు?" అంది. ఇన్నేళ్లలో ఆయన్ని నువ్వు అనడం ఆమెకు అదే మొదటిసారి. ఆయన నొచ్చుకోలేదు సరికదా, బిస్కెట్ల పళ్లెం ఇటు జరిపాడు.

ఆ మర్నాడు ఆమె గ్రాంట్ గది తలుపు తట్టింది. లోపలికి రమ్మన్నాడు గానీ కూర్చోమనలేదు.

"కార్క్‌హిల్ పేరు తీసెయ్యమని పిటిషన్ పెడుతున్నా. అబద్ధం ఆడానని నేనే రాస్తున్నా. నా మాట ఒక్కటే చాలదు, సాక్షి కావాలి. పేటెంటుకి పేర్లు రాసిచ్చిన రోజు నువ్వు నన్ను అడిగావు కదా, ఆయనకు నిజంగా ఇందులో వాటా ఉందా అని."

"అడిగాను. సగం ఆలోచన ఆయనదే, నువ్వు నీ పని చూసుకో అన్నావు."

"అదే చెప్పు విచారణలో."

గ్రాంట్ లేచి తలుపు వేశాడు.

"నువ్వు అబద్ధం ఆడుతున్నావని నాకు ఆ రోజే తెలుసు. మీ ప్రయోగశాలలో అందరినీ అడిగాను, ఆయన మొహం చూసినవాళ్లే లేరు. తెలిసీ ముద్ర కొట్టి పంపాను. పెద్దాయనతో నాకెందుకులే అనుకున్నాను. నిజం చెబితే నీ ఉద్యోగంతో పాటు నాదీ పోతుంది."

ఇన్నాళ్లూ మెరెడిత్ ఇతన్ని చేతకానివాడనే తిట్టుకుంది. పిరికివాడు కూడా అని ఇప్పుడే తెలిసింది. తను మాత్రం ఏం తక్కువ? ఇద్దరూ భయపడింది ఆ ఒక్క ముసలాడికే.

"అయితే చెప్పవన్నమాట."

"చెబుతాను. నీ మీద ప్రేమతో కాదు, ఆ పెద్దాయనకి ఇంకోసారి భయపడటం నా వల్ల కాదు. నువ్వంటే నాకు ఇప్పటికీ పడదు."

"నాకూ అంతే."

"ఎక్కడ సంతకం చెయ్యాలి?"

ఆమె పిటిషన్ కాగితం అతని ముందుకు తోసింది. అతను కళ్లజోడు పెట్టుకుని, మొదటి వాక్యం నుంచి నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాడు.