నిప్పు చూపించిన డోలు

నాకు ముక్కు మీద కోపం. ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఏమీ అనుకోవద్దు. ఆ కోపం వల్లే ఆరు వారాల్లో ఆ పెద్దాయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగుంటే ఇదంతా జరిగేదే కాదు.

మాది ఎగువ వీధి, వాళ్ళది దిగువ వీధి, మధ్యలో ఒక రోడ్డు. మూడేళ్ళ కిందట ఆ రోడ్డు మీదే రెండు వీధులూ కర్రలతో కొట్టుకున్నాయి. మొదలెట్టింది ఎవరంటారా? ఏ వీధి వాళ్ళనడిగితే అవతలి వీధి అంటారు. ఆ గొడవలో మా తమ్ముడి కుడిచెయ్యి విరిగింది. డోలు వాయించే చెయ్యి అది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు ముడుచుకోవు. ఎవరు కొట్టారని పోలీసులు అడిగితే దిగువ వీధిలో ఒక్కడూ నోరు విప్పలేదు. దుమ్ము లేచింది, కనబడలేదన్నారు. అందరి కళ్ళలో ఒకేసారి దుమ్ము పడింది మరి! ఆ తర్వాత వాడి డోలు నేను మెడలో వేసుకున్నాను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

రోడ్డు మలుపులో ఉన్న బడిలో రెండు వీధుల పిల్లలూ చదువుతారు. వాళ్ళు కూడా వేరువేరు బెంచీల మీద కూర్చోవడం మొదలెట్టేసరికి టీచరమ్మ ఒక పట్టు పట్టింది. రెండు వీధుల వాద్యం ఒకే వేదిక మీద జరగాలంది. పైగా ఒక మెలిక పెట్టింది. వాళ్ళ డోలు నేను వాయించాలి, నా డోలు వాళ్ళ వీధిలో డోలు వాయించే పెద్దాయన వాయించాలి.

"పిచ్చి గానీ పట్టిందా మీకు?" అన్నాను.

"ఎవరిది వాళ్ళు వాయిస్తే పోటీ అవుతుందమ్మా. పోటీలు చాలా చూశాం కదా" అంది. ఒప్పుకున్నాను.

ఆరు వారాలు సాధన చేశాం. పెద్దాయన మాటకారి కాదు. చేత్తో చూపించడం, నేను తప్పు కొడితే "ఊహూఁ" అనడం, అంతే. వాళ్ళ డోలు చిన్నది. దాని తోలు ఉల్లిపొరలా పల్చగా ఉంటుంది. పెద్దాయన వాళ్ళ నాన్న చేసిందట. సాధన అవగానే సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. నా డోలు మాత్రం బడిలోనే ఉండేది. అంటే మేం దొంగలమా అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. పొద్దున్నే దాన్ని ఇంటి దగ్గరే బిగించి, శ్రుతి చేసి మరీ తెచ్చేవాడు. ఎలా బిగిస్తారని నేను అడగలేదు. అడిగితే ఎక్కడ లోకువైపోతానో అని.

వాద్యం రోజు పొద్దున్నుంచీ ముసురు పట్టింది. నాలుగింటికి మొదలు. మూడింటికి పెద్దాయన వచ్చి డోలు నా చేతిలో పెట్టి, "ఇవాళ నీ దగ్గరే ఉంచమ్మాయ్. నేను మావాళ్ళని కూర్చోబెట్టి వస్తా" అన్నాడు. ఆరు వారాల్లో అదే మొదటిసారి. వద్దనుకున్నా సంతోషం వేసింది.

వేలితో తట్టి చూస్తే మెత్తగా పలికింది. చెమ్మకి తోలు వదులై దిగిపోయింది. మా వీధిలో తోలు దిగితే చేసేది ఒక్కటే, నిప్పు చూపించడం. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకు తెలిసింది అదే. బడి వెనక గదిలో కుంపటి మీద మా డోలు కాచాను, ఖంగుమంది. దాన్ని వేదిక మీద పెట్టి వచ్చి, అదే చేత్తో వాళ్ళ డోలూ కాచాను. మంచికే చేశానండీ, ఒట్టు! పెద్దాయన వచ్చేసరికి ఖణేల్మనేలా ఇద్దామనుకున్నా.

ఠప్పుమంది.

తోలు ఈ చివర నుంచి ఆ చివరకి చీలిపోయింది. అంచున నల్లగా కమిలింది. అప్పుడే తమ్ముడు లోపలికొచ్చాడు. డోలు చూశాడు, నన్ను చూశాడు, వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టాడు.

"ఎవరైనా చూశారా?"

"లేదురా."

"అయితే పాత తోలు, దానంతటదే పోయిందని చెప్పు. ఆ నల్లమరక కత్తిరించేద్దాం."

"అబద్ధం చెప్పమంటావా?"

"అక్కా, హాల్లో మూడొందల మంది ఉన్నారు. ఈ పక్క మనవాళ్ళు, ఆ పక్క వాళ్ళు. తలుపు దగ్గర పోలీసులు ఇద్దరంటే ఇద్దరు. మనం కావాలనే కాల్చామంటారు. నా చెయ్యి చాల్లేదా? ఇంకెవడిదో కూడా విరగాలా?"

వాడన్నదాంట్లో తప్పేముంది? గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తమ్ముడు ఎడంచేత్తో కత్తెర వెతికి నా చేతికిచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకుంటూ ఆ మరక దగ్గర కత్తెర ఆనించాను. మూడేళ్ళుగా ఆ వీధిని నేను తిట్టని తిట్టు లేదు, ఒక్కడూ నిజం చెప్పలేదని. తీరా నా వంతు వచ్చేసరికి నేను చేస్తున్నదేంటి? నా మీద నాకే అసహ్యం వేసింది. కత్తెర కింద పడేశాను.

"అక్కా, ఆగు!" అని వాడు అంటూనే ఉన్నాడు. గడియ తీసి వేదిక ఎక్కేశాను. వాడు నా వెనకే వచ్చి పక్క మెట్ల దగ్గర ఆగాడు.

పెద్దాయన అప్పటికే మా డోలు మెడలో వేసుకుని నిలబడి ఉన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ చీలిన డోలు పైకెత్తి అందరికీ చూపించాను. చప్పట్లు ఆగిపోయాయి.

"ఇది నేనే పాడుచేశాను. చెమ్మ పట్టిందని నిప్పు చూపించాను. చీలిపోయింది. ఎవరూ చూడలేదు, ఎవరూ చెయ్యమనలేదు, ఎవరి తప్పూ లేదు. నేనే."

దిగువ వీధి వరసల్లోంచి "కావాలనే కాల్చారు!" అని ఒక కేక. కుర్చీ ఒకటి ఎగిరి పడింది. మావాళ్ళూ లేచారు. టీచరమ్మ రెండు చేతులూ చాచి మధ్యలో నిలబడింది. పోలీసులు లాఠీలు తీశారు.

పెద్దాయన డోలు నా చేతిలోంచి తీసుకున్నాడు. కమిలిన చోట వాసన చూశాడు. చీలిక మీద బొటనవేలు పెట్టి ఆ చివర దాకా రాశాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"కూర్చోండి" అన్నాడు. ఆయన గొంతు పెద్దది కాదు, అయినా కూర్చున్నారు. "మా నాన్న చేసిన డోలు ఇది. నాకు కడుపు మండిపోతోంది, అబద్ధమెందుకు. కానీ దీనికి నిప్పు తగలకూడదని నేనీమెకి చెప్పలేదు. ఎందుకో తెలుసా? చెబితే కావాలని నిప్పులో పెడుతుందేమోనని భయం. ఆరు వారాలూ అదే భయం."

ఆయన తన వీధి వరసల వైపు తిరిగాడు.

"ఎవరూ చూడకపోయినా ఈమె వచ్చి నేనే చేశానంది. మనలో ఒక్కడన్నాడా ఆ మాట, మూడేళ్ళలో?" ఆయన మా తమ్ముడి వైపు తిరిగాడు. "నాయనా, నీ చెయ్యి విరగ్గొట్టింది నా పెద్దకొడుకు. నేను కళ్ళారా చూశాను. ఆ రోజు దుమ్మూ లేదు, ఏమీ లేదు. వాడు ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో."

"నాన్నా!" అని ఒకడు లేచి నిలబడ్డాడు. తల దించేసుకున్నాడు. పోలీసులిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

తమ్ముడు మెట్లెక్కాడు. వాడేం చేస్తాడో నాకే తెలీదు. చెయ్యి పట్టుకుని ఆపబోయాను, విదిలించుకున్నాడు. పెద్దాయన ఎదురుగా నిలబడ్డాడు.

"మూడేళ్ళు పట్టిందా పెద్దాయనా, ఈ ముక్క చెప్పడానికి?"

"పట్టింది నాయనా."

తమ్ముడు ఆ మూడో వరస వైపు చాలాసేపు చూశాడు.

"వాద్యం అయ్యాక మాట్లాడదాం. వాణ్ణి ఎక్కడికీ పోవద్దనండి. అక్కడే కూర్చుని వినమనండి" అన్నాడు. వేదిక అంచున, జనానికి వీపు పెట్టి చతికిలబడ్డాడు.

పెద్దాయన మా డోలు మెడలోంచి తీసి నాకు తగిలించాడు. "మా వీధి దరువు దీని మీద వాయించమ్మాయ్. నేను నోటితో అందిస్తా" అని మొదలుపెట్టాడు. ఎక్కడా తాళం తప్పలేదు. నేను అందుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.