రాబ్దోస్ అనే నా ఇంకో పేరు

నేను ఒక తుమ్మకర్రను. మార్కాపురం వైపు కాటమయ్య అనే గొర్రెల కాపరి నన్ను నరికి, చెక్కి, సెగన కాచి, ఆముదం పట్టించాడు. నాలుగేళ్లు నాతో గొర్రెల్ని అదిలించి, చివరికి పాస్టర్లకు చదువు చెప్పే జ్ఞానప్రకాశం అయ్యగారికి ఇచ్చేశాడు. నన్నెవరూ అడగలేదు. కర్రల్ని అడిగే అలవాటు మనుషులకు లేదు.

అయ్యగారు గ్రీకు చెప్పేవారు. మొదటిరోజే నన్ను పైకెత్తి, "దీన్ని గ్రీకులో రాబ్దోస్ అంటారు" అన్నారు. మంత్రగత్తె బెత్తమూ, కాపరి చేతికర్రా, బాటసారి ఊతకర్రా, రాజదండమూ, కొలకర్రా అన్నిటికీ అదే మాటట. రోమా అధికారుల ముందు బెత్తాల కట్టలు మోసే బంట్రోతులకు ఆ మాటతోనే పేరు పెట్టారట. కర్రతో కొట్టడమనే క్రియ కూడా దాన్నుంచే పుట్టిందట. నాకింత వంశచరిత్ర ఉందని అప్పుడే తెలిసింది. గర్వమేమీ కలగలేదు.

ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉండేది. నేను బెంచీ వెంట చేతులు మారాలి. పట్టుకున్నవాడు ఒక అర్థం చెప్పి నన్ను పక్కవాడికివ్వాలి. తడబడితే వేళ్ల మీద ఒక దెబ్బ. ఒకరోజు ఏసుపాదం తడబడ్డాడు. పాతికేళ్లవాడు, పెళ్లయినవాడు, చర్చిలో డోలక్ వాయించేవాడు. అయ్యగారు ఆ రోజు గట్టిగా వేశారు. రెండు వేళ్లు విరిగాయి. అతుక్కున్నాయి గాని మళ్లీ వంగలేదు. డోలక్ మూలపడింది. కొట్టింది నేనే. నాకేమీ అనిపించలేదు.

ఇరవై రెండేళ్ల తర్వాత అయ్యగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కబురంపి ఏసుపాదాన్ని పిలిపించుకున్నారు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి మంచంపట్టె మీద పెట్టుకుని, నన్ను చూపించారు.

"తీసుకో, ఏసుపాదం. నా వేళ్ల మీద వెయ్యి. నన్ను క్షమించి పంపు."

"ఆ చేతికి స్పర్శ లేదు గదండీ అయ్యగారూ. రెండోది పెట్టండి."

అయ్యగారు ఎడమచెయ్యి చాపారు. గుమ్మంలో అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏసుపాదం వంగని వేళ్లతో నన్ను అందుకున్నాడు. తర్వాత నన్ను ఆ ఎడమచేతిలో పెట్టి, ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాడు.

"క్షమించడం నావల్ల కాలేదయ్యగారూ. శానాసార్లు చూశా. డాక్టరు మిమ్మల్ని రోజూ నడవమన్నాడంట గదా, వాకిలిదాకా పోయొద్దాం పదండి."

వెళ్లి వచ్చారు. మర్నాడూ వచ్చాడు. అయ్యగారు పోయేదాకా, పదిహేను నెలలు, ఒక్కరోజు తప్పకుండా వచ్చి నడిపించాడు. క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. అయ్యగారు మళ్లీ అడగనూ లేదు.