మద్రాసు సీటుకు సాక్ష్యం

తట్ట నెత్తిన పెట్టుకుని దేవకుమారి గట్టెక్కేసరికి పాస్టరు ఇమ్మానుయేలు గారు సైకిలు దిగి గొడుగు విప్పుతున్నారు. కాలవలు కట్టేసిన రోజులు. కొల్లేటి వైపు పోయే ఆ పిల్లకాలవలో పేరుకున్న ఒండ్రు తీసి గట్టున పొయ్యాలి. పొద్దుగూకేదాకా మోస్తే మగవాడికి నాలుగణాలు, ఆడదానికి రెండున్నర. ఒండ్రు బరువు మాత్రం ఇద్దరికీ ఒకటే.

"మంచి వార్తమ్మా! మద్రాసులో సీటు వచ్చింది. బి.ఏ.! ఫీజు, హాస్టలు, పుస్తకాలు అంతా మిషనే చూసుకుంటుంది" అన్నారు పాస్టరు గారు.

"హిస్టరీయేనాండీ?"

"హిస్టరీయే. ఆ పిచ్చేమిటో గాని, మిషను దొరసాని గారు దానికీ ఒప్పుకున్నారు."

దేవకుమారి తట్ట దించడం కూడా మరిచిపోయింది. కాకినాడలో ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు హిస్టరీ లెక్చరరు ఏ యుద్ధం గురించి చెప్పినా, ఏ కరువు గురించి చెప్పినా, "ఎందుకొచ్చింది?" అని అడిగేవాడు. ఎందుకు అని అడిగితే చెంప పగలగొట్టని చోటు ఆ పిల్ల చూసింది అదొక్కటే. అక్కడ పట్టుకుంది పిచ్చి.

"రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పాలి. దొరసాని గారు వస్తున్నారు. గుడికి పెంకు ఇచ్చిన కామందు తాతారావు గారినీ పిలిచాం. కాలం చేసిన మీ నాన్న రాజరత్నం పంతులు ట్రైనింగుకు వెళ్ళేముందు చెప్పాడే, అలాగే చెబితే చాలు."

ఆ సంతోషం అక్కడే సగం చచ్చింది.

మిషను డబ్బుతో చదవబోయే ప్రతివాళ్ళూ గుళ్ళో నిలబడి ఈ సాక్ష్యం చెప్పాలి. మా పెద్దలు తాగుబోతులు, చచ్చిన గొడ్డు తిన్నవాళ్ళు, చీకట్లో పురుగుల్లా బతికినవాళ్ళు, మమ్మల్ని మీరే వెలుగులోకి లాగారు అని. ఆ పెద్దలు చాపల మీద కూర్చుని వినాలి. దేవుడి పేరు చెప్పి ముసలివాళ్ళను పిల్లల చేత తిట్టించే ఈ ఆచారం ఏ మహానుభావుడు పెట్టాడో గాని, పల్లెలో ఎవరూ కాదనలేదు. కాదంటే చదువుండదు మరి.

ఇంటికొచ్చి చెబితే తల్లి దానమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

"వాల్తేరు యూనివర్సిటీ నుంచీ జవాబొచ్చిందిగా అమ్మా. హిస్టరీ ఆనర్సులో చేర్చుకుంటామన్నారు. అక్కడికే పోతాను" అంది దేవకుమారి.

"అక్కడ ఫీజెవరు కడతారే? కూడెవరు పెడతారు?"

"విశాఖపట్నంలో సుగుణ పిన్ని ఆసుపత్రిలో ఆయాగా చేస్తోందిగా. ఆవిడ గదిలో ఉంటాను. ఫీజుకి ట్యూషన్లు చెప్పుకుంటాను."

"నోటి దగ్గరికొచ్చిన మద్రాసు వదిలేసుకుని ట్యూషన్లట! నాలుగు మాటలు సెప్పేత్తే నీ సొమ్మేం పోద్దే?"

"నాయనమ్మ గురించమ్మా ఆ మాటలు!"

నాయనమ్మ మణెమ్మ గడప దగ్గర చేపలు తోముతోంది. తల ఎత్తలేదు. "సెప్పెయ్యమ్మా. మీ నాన్నా సెప్పాడు. ఆడు సెప్పాకే కదా పంతులయ్యాడు. నాకేటీ కాలేదు" అంది.

"నిజమేనా నాయనమ్మా? తిన్నావా?"

ముసలిది చేపల గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. తినకుండానే మాట పడ్డందుకు సిగ్గుపడి వెళ్ళిపోయిందని దేవకుమారి అనుకుంది. ప్రేమ ఉన్నచోట మనిషి తనకు కావలసిందే నమ్ముతుంది.

ఆదివారం గుడి నిండిపోయింది. దొరసాని గారికి, తాతారావు గారికి కుర్చీలు వేశారు. పేరు పిలవగానే దేవకుమారి లేచి నిలబడింది.

"మా నాయనమ్మ చీకట్లో..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

"నేను చెప్పనండీ. ఇదంతా అబద్ధం. మా నాయనమ్మ అలాంటివేవీ తినలేదు!"

ఆడవాళ్ళ చాప మీంచి మణెమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

"తిన్నానమ్మా" అంది. "నా కోసం నువ్వు అబద్దం ఆడమాక. తిన్నానని మీ నాన్న సెప్పాడు. అందరూ ఇన్నారు. ఎందుకు తిన్నావే అని ఒక్కరూ అడగలేదు."

"మణెమ్మా, కూర్చో!" పాస్టరు గారు గద్దించారు. అటు తిరిగి, "దేవకుమారీ, చెప్పమన్నది చెప్పు. మద్రాసు పోగొట్టుకుంటావు. మిషను ఇంకెక్కడికీ పంపదు" అన్నారు.

దానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవకుమారికి ఒళ్ళు మండింది. ముసలిదాని మీద కాదు. నిన్న "తిన్నావా?" అని మాత్రమే అడిగిన తన మీద. ఆ ప్రశ్నే అయితే అడగడానికి హిస్టరీ చదవక్కర్లేదు.

"మద్రాసు వద్దండీ. వాల్తేరు వెళ్తాను. ఎలా వెళ్తానో నాకింకా తెలీదు, వెళ్ళడం మాత్రం వెళ్తాను" అంది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది.

"ఎందుకు తిన్నావు నాయనమ్మా?"

మణెమ్మ కుర్చీల వైపు చూసింది. పల్లెలో పుట్టినవాళ్ళెవరూ కామందు మొహంలోకి అలా చూడరు.

"గాలివాన వొచ్చిన ఏడమ్మా. సేలన్నీ మునిగిపోయాయి. మీ నాన్న పాలు తాగే పిల్లోడు. నా దగ్గర పాలు లేవు. అంతకు ముందు మేం గట్లు ఏసిన కూలి గింజలు బాకీ ఉంటే, ఇయ్యండి బాబూ అని ఈరి నాన్నగారి గుమ్మంలో పడున్నాం. గాదె నిండా దాన్యం ఉంది. తాళం తియ్యలేదు. మీ కూలికి ఇదే అని, సచ్చిన గొడ్డుని ఈడ్సుకుపొమ్మన్నారు..."

దొరసాని గారికి తెలుగు బాగా వచ్చు. ఆవిడ ఒళ్ళోని బైబిలు వైపు చూస్తూ ఉండిపోయారు.

తాతారావు గారు కండువా విదిలించి లేచారు. ఆయన లేస్తే ఆ పల్లెలో అంతవరకు కూర్చుని ఉన్నవాళ్ళు లేరు. ముందు వరసలో ఇద్దరు అలవాటుగా లేచారు. మూడోవాడు సగం లేచి, పక్కకు చూసి, మళ్ళీ చాప మీద చతికిలబడ్డాడు. వెనక ఎవరూ కదల్లేదు. తాతారావు గారు గుమ్మం వైపు నడవబోయారు. దారి నిండా మనుషులే. ఒక్కరూ మోకాలు పక్కకు జరపలేదు.

"తర్వాత?" అంది దేవకుమారి.