దుమ్మనుకుని తుడిచినవి

గ్రంథాలయం నేలమాళిగలో పుస్తకాలు స్కాన్ చేసే ఆవిడకి తోటివాళ్లు పెట్టిన ముద్దుపేరు చీపురు. ఆవిడ స్కాన్ చేసిన పేజీలో చిన్న మరక కనిపిస్తే ఒట్టు. పాత కాగితపు పసుపూ, వేలిముద్రలూ, దుమ్మూ ధూళీ అన్నీ కంప్యూటర్లో ఊడ్చిపారేసి పేజీని కడిగిన ముత్యంలా నిలబెట్టేది. ఆ పేరంటే ఆవిడకి కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా.

ఆవిడ మామగారు గ్రీకు పంతులు. రిటైరయ్యాక, ఓ ఓడ వడ్రంగి తన కథ తానే చెప్పుకున్న పాత గ్రీకు పుస్తకాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నారు. సగం అయ్యేసరికి రెండు కళ్లూ పోయాయి. గ్రీకు చదివి వినిపించే మనిషి ఇంట్లో లేడు, చుట్టుపక్కలా లేడు. పెద్దాయన కొన్నాళ్లు గింజుకున్నారు. ఆపైన మాటలు తగ్గించేశారు. ఓ పొద్దున్న కాఫీ కప్పు కింద పెట్టి, "నా పుస్తకాలన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నారు.

కొడుకు సరేననబోయాడు. కోడలు గుడ్లురిమింది.

"ఎవ్వరికీ ఇచ్చేది లేదు. ఆ వడ్రంగి పుస్తకం నేను చదివిస్తాను మామయ్యా. మీరు పూర్తి చేయాలి."

"నీకు గ్రీకు అక్షరం ముక్క రాదు కదమ్మా."

"నాకు రాకపోతే కంప్యూటర్‌కి నేర్పిస్తాను."

పై అధికారిని అడిగి, భోజనాల వేళల్లో పుస్తకమంతా స్కాన్ చేసింది. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాముకి అప్పజెప్పి, అది ఇచ్చినదాన్ని పైకి చదివే ప్రోగ్రాములో పెట్టి, సాయంత్రం ఆయన ముందు కూర్చుంది. గొంతు మొదలైంది. రెండో వాక్యానికే ఆయన మొహం చేదు మింగినట్టయింది.

"ఎవడమ్మా వీడు? తాగొచ్చి చదువుతున్నాడా?"

కొడుకు ఫక్కున నవ్వాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"పేజీలు అద్దాల్లా ఉన్నాయి మామయ్యా!"

"అక్షరాల నెత్తిన గుర్తులున్నాయా?"

"ఏం గుర్తులు?"

ఆయన గాలిలో వేలితో గీసి చూపించారు. చిన్న గీతలు, చిన్న కొక్కేలు. "ఎక్కడ నొక్కి పలకాలో చెప్పేవి వాటిలోనే ఉంటాయి. అవి పోతే వినేవాడికి ఒక్క ముక్క బోధపడదు."

మర్నాడు ఆవిడ అసలు పుస్తకం మీద భూతద్దం పెట్టింది. అక్షరాల పైన నలుసుల్లా గుర్తులే గుర్తులు. తన స్కాన్‌లో వాటిలో చాలామటుకు లేవు. దుమ్మనుకుని ఆవిడే తుడిచేసింది. ఇన్నాళ్లూ ఏ శుభ్రం చూసుకుని మురిసిపోయిందో, ఆ శుభ్రమే ఆయన పుస్తకాన్ని పాడు చేసింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే పని ఎవరు చేస్తారు? మరకలు తీసేసే మీట ఆపేసి, అట్ట దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి పేజీలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి. పైగా కొత్త అచ్చుకి అలవాటుపడ్డ ప్రోగ్రాము మరకని గుర్తనుకుంది, గుర్తుని మరకనుకుంది. దానికి ఈ పాత అచ్చు నేర్పాలంటే ఒక్కో వరుస బొమ్మ కిందా సరైన అక్షరాలు టైపు కొట్టి చూపించాలి. ఆవిడకి కళ్లున్నాయి, గ్రీకు లేదు. ఆయనకి గ్రీకుంది, కళ్లు లేవు. ఇద్దరూ బల్ల ముందు చేరారు.

"గుండ్రటి అక్షరం, నెత్తిన కొక్కెం, పక్కనే గీత."

"కొక్కెం ఎటు తిరిగింది?"

"ఎడమకి."

"నిజంగా ఎడమకేనా, నీకలా తోచిందా?"

"నమ్మకం లేకపోతే మీరే చూసుకోండి!" అనేసి ఆవిడ నాలుక కరుచుకుంది.

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

రోజూ అదే పని. ఆవిడ ఆకారం చెబితే ఆయన అక్షరం తేల్చేవారు, ఆవిడ దాన్ని వెతికి టైపు కొట్టేది. ఆయన కసురుకునేవారు, ఆవిడ ఎదురు చెప్పేది, వరుస తేలేది. మొగుడు తొంగిచూసి "ఎందుకొచ్చిన తంటా, వదిలెయ్యరాదూ" అంటే, "నువ్వెళ్లి కూర తరుగు" అని పంపించేసింది. ప్రోగ్రాము మొదట్లో వరుసకి నాలుగు తప్పులు చేసేది. పోనుపోను తప్పు దొరకాలంటే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఓ సెలవురోజు మధ్యాహ్నం, అంతవరకూ దానికి చూపించని పేజీ పెట్టింది. ఆయన తెలుగు చేస్తూ ఆగిపోయిన చోటు అది. గొంతు చదువుకుంటూ పోయింది. ఆయన అటు చెవి ఒగ్గారు.

"ఆపు" అన్నారు. "ఆ వాక్యం మళ్లీ వినిపించు."

వినిపించింది. ఆయన పెదాలు కదిలాయి.

"కాగితం తీసుకో. చెప్తాను, రాయి."

తెలుగులో ఒక వాక్యం చెప్పారు. ఆవిడ రాసీ రాయకముందే, "ఛ, బాలేదు, కొట్టెయ్" అన్నారు. ఇంకోటి చెప్పారు, అదీ కొట్టించారు. మూడోది చదివించుకుని, తల పంకించి, ఉండనిమ్మన్నారు. ఆవిడ చెంపల మీద కన్నీళ్లు జారుతున్నాయి. ఆయనకి కనపడవు కాబట్టి తుడుచుకోలేదు.

"ఇంకా ఎంతుందమ్మా?"

"సగం పుస్తకం ఉంది మామయ్యా."

"అయితే రేపు ఆఫీసుకి సెలవు పెట్టెయ్."