ఉప్పు కాపడం

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో ఏ ఇంట్లో ఏది పాడయ్యేలా ఉన్నా ముందు ఆగమ్మ దగ్గరికే పరుగెత్తుకొచ్చేవాళ్లు. "ఆగమ్మక్కా, పాలు విరిగేటట్టున్నయ్, ఏం చెయ్యాలె?" "ఆగమ్మక్కా, వస్తమన్న సుట్టాలు రాలే, కూర మస్తు మిగిలింది, రేపటిదాక ఉంటదా?" ఆ గల్లీ మొత్తం వెతికినా ఒక్క ఫ్రిజ్జు లేని రోజులవి. ఆగమ్మ ఇంట్లో మాత్రం ఒక చెక్కపెట్టె ఉండేది. అడుగున రంపపు పొట్టు, దానిమీద బరఫ్ ముక్కలు, అంటే ఐసుగడ్డలు, వాటిమీద గోనెసంచి, ఆపైన గిన్నెలు. ఆమె పెనిమిటి అంజన్న బహదూర్‌పురా వైపు ఒక బరఫ్ కార్ఖానాలో పనిచేసేవాడు. విరిగిపోయిన ముక్కలను సంచిలో చుట్టి సైకిల్ మీద ఇంటికి తెచ్చేవాడు.

సలహా ఊరికే చెప్పే మనిషి కాదు ఆగమ్మ. నాలుగు తిట్లు కలిపి మరీ చెప్పేది. "బరఫ్‌కు గిన్నె తగలనియ్యకు, నడుమ గోనె ఉండాలె అని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? బుర్ర ఉన్నదా లేదా?" అని పక్కింటి బుచ్చమ్మను రోజూ కడిగేసేది. అలా కడుగుతూనే బుచ్చమ్మ పాలగిన్నెను తన పెట్టెలో పెట్టుకునేది. మాంసం మిగిలితే ఉప్పూ పసుపూ పట్టించి తాడుకు గుచ్చి ఎండబెట్టేది. అన్నం మిగిలితే నీళ్లు పోసి పొద్దుటికి సద్ది చేసేది. ఆమె చేతిలో పడ్డది పాడైందన్న మాట ఎవరూ విని ఎరగరు.

పాడయినవి అంజన్న చేతులు. ఇరవై ఆరేళ్లు ఉప్పునీళ్ల హౌజుల్లోంచి బరఫ్ సిల్లీలు, ఆ పెద్ద పెద్ద దిమ్మెలు, లాగిన చేతులవి. వేళ్లు వంకరపోయాయి. మండుటెండల్లో కూడా చల్లగా ఉండేవి. సాయంత్రం ఆయన వచ్చి గడపలో కూర్చోగానే ఆగమ్మ గళ్ల ఉప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూటకట్టి, ఒక్కో వేలికీ కాపడం పెట్టేది. "ఆగమ్మా, నేను పోయిన్నాడు నన్ను బరఫ్ మీద పెట్టకు. ఇన్నేండ్లు చలిల సచ్చిన. వెచ్చగ పోనియ్యి" అనేవాడు ఆయన. "సాలు తియ్, నోరు మూసుకో" అనేది ఆమె.

కాపడం అయ్యేదాకా ఒక్కగానొక్క బిడ్డ కళావతిని ముట్టుకునేవాడు కాదు. ముట్టబోతే ఆ పిల్ల "బాపూ, ముట్టకు, సల్లగున్నయ్!" అని ఇల్లంతా పరుగెత్తేది. ఆ ఇంట్లో అదొక ఆట.

పెళ్లయి మగనితో మగ్గాల పనికి భీవండికి పోయేనాడు కూడా అదే మాట అన్నది కళావతి. అంజన్న డ్యూటీ దిగి తిన్నగా స్టేషన్‌కు వచ్చాడు. రైలు అప్పుడే కదులుతోంది. కిటికీలోంచి రెండు చేతులూ పెట్టి బిడ్డ చెంపలు పట్టుకోబోయాడు. "అబ్బ! సల్లగున్నయ్ బాపూ!" అంటూ నవ్వి మొహం వెనక్కి లాక్కుంది. ఆయనా నవ్వి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. రైలు వెళ్లిపోయింది. ఆ తర్వాత కళావతి రాసిన ప్రతి ఉత్తరం చివర ఒకే మాట ఉండేది. "బాపుతోని చెప్పు, ఈసారి పారిపోను."

పదకొండు నెలలు గడిచాయి. వైశాఖం ఎండల్లో ఒక పొద్దున, చెప్పులు తొడుక్కుంటూ అంజన్న గడపలోనే కూలబడ్డాడు. డాక్టర్ వచ్చేసరికి ప్రాణం లేదు.

భీవండిలో అల్లుడు పనిచేసే మగ్గాల సేటు ఇంటికి ఫోను చేశారు. సాయంత్రం రైలెక్కి రేపు పొద్దున తొమ్మిదింటికల్లా వస్తానని కళావతి జవాబు పంపింది. ఇంటి ముందు జనం చేరారు. అంజన్న అన్న దుర్గయ్య ఎండ వంక చూసి తల పట్టుకున్నాడు.

"ఆగమ్మక్కా, రేపటిదాక ఉంటడా?" అన్నది బుచ్చమ్మ. ఏళ్ల తరబడి అడిగిన నోరు, అలవాటుగా జారింది. వెంటనే నాలిక కరుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.

ఆగమ్మ తిట్టలేదు. "ఉండడు. బరఫ్ లేకుంటే ఉండడు" అన్నది.

"వాడు వద్దన్నడు గదనే. నాతోని సుత చెప్పిండు" అన్నాడు దుర్గయ్య. "మాపటికే లేపుదాం."

అయ్యో, ఆ తల్లికి ఎంత కష్టం వచ్చింది! ఒక దిక్కు పెనిమిటి చివరి కోరిక, ఇంకో దిక్కు ఈసారి పారిపోనని ఉత్తరం ఉత్తరానికీ రాసిన బిడ్డ. "నాలుగు సిల్లీలు తెప్పియ్యి బావా" అన్నది ఆగమ్మ చివరికి. "ఆయనకు నేను జవాబు చెప్పుకుంట."

కార్ఖానాలో ఆయనతో పనిచేసినవాళ్లే బండి మీద సిల్లీలు తెచ్చారు. ఆగమ్మ లేచి కొంగు బిగించింది. పొట్టు పరిపించింది, గోనెలు వేయించింది. "తగలనియ్యకుండ్రి, నడుమ గోనె పెట్టుండ్రి" అంటూ ఒక్కో గోనెనూ తానే సరిచేసింది. అన్నీ సర్దాక అంజన్న చేతులు రెండూ తీసి గుండెల మీద పెట్టింది. పక్కనే కూర్చుంది.

శవం ఉన్న ఇంట్లో పొయ్యి రాజేయకూడదు. "బుచ్చమ్మా, మీ ఇంట్ల ఉప్పు వేంచుక రా" అన్నది.

దుర్గయ్యకు అర్థమై అదిరిపడ్డాడు. "కాపడం పెడ్తవా? వేడికి పాడైతడు! గీ ముచ్చట నీకు తెల్వదా?"

"నాకు తెల్వదా బావా? గల్లీకంత చెప్పినదాన్ని నేనే గద. చేతులు పాడైతే పాడైనయ్. సల్లగ మాత్రం ఉంచ."

బుచ్చమ్మ ఉప్పు మూట తెచ్చింది. అది చల్లారేలోపు ఎదురింటి లీలమ్మ ఇంకోటి తెచ్చింది. రాత్రంతా ఇంటింటి పెనం మీదా ఉప్పు వేగింది. మర్నాడు తెల్లారి చూస్తే ఆ గల్లీలో ఎవరింటి డబ్బాలోనూ చారెడు ఉప్పు లేదు.

తొమ్మిదిన్నరకు కళావతి రిక్షా దిగి పరుగున వచ్చింది. గడపలో కాలు పెట్టి, బరఫ్ చూసి ఆగిపోయింది. "బాపును... బరఫ్ మీద పెట్టిన్రా?" అన్నది. ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆగమ్మ చప్పున మూట తీసి కొంగు కింద దాచుకుంది. "రా బిడ్డా. ముట్టు."

కళావతి మోకాళ్ల మీద కూలబడింది. కదలని ఆ రెండు చేతుల మధ్యకి మెల్లగా మొహం వంచి, ఒక చెంప ఆనించింది. తర్వాత రెండో చెంప. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"అమ్మా... వెచ్చగున్నయే!"

నిన్నటి పొద్దునుంచి ఒక్క చుక్క రాల్చని ఆగమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే బిడ్డ వీపు నిమిరింది.

"ఉండు బిడ్డా, ఇంకింతసేపు ఉండు. నీ కోసమే దాపెట్టిన."