విశేషాలేం లేవు

మందు రాసే హక్కు మాకూ వచ్చిందని తెలిసిన రోజున అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. ఇన్నాళ్ళూ కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాతలు చదవలేక తల ప్రాణం తోకకొచ్చేది. ఇకనుంచి చిన్నాచితకా జబ్బులకు ఫార్మసిస్టే చూసి మందు రాయవచ్చు, కింద సంతకమూ మాదే. స్టాకు గదిలో అట్టపెట్టెలు జరిపి రెండు కుర్చీలు వేశాను, గుమ్మానికి తెర కట్టాను. ఆ సంతకం సంగతి తలుచుకుంటే మాత్రం గుండె దడదడలాడేది.

ఇవాళ ఆ తెర వెనక్కి మా తమ్ముడి భార్య వచ్చింది. ఒంటికి వెళ్ళేటప్పుడు మంటట. ఆ ముక్క చెప్పడానికే సిగ్గుతో చచ్చిపోయింది. జ్వరం లేదు, నడుంనొప్పి లేదు. ఇక అడగాల్సింది ఒక్కటే, గర్భం ఉందా అని. బయటి మనిషినైతే మొహమ్మీదే అడిగేదాన్ని. కానీ మా మరదలికి ఇదివరకు గర్భం వచ్చి నిలవలేదు. అప్పటినుంచి కనిపించిన ప్రతివాళ్ళూ అదే అడిగి దాని ప్రాణం తోడేస్తున్నారు. ఆ వరసలో నేనూ చేరడం ఇష్టంలేక, తల వంచుకుని రాసుకుంటూ అన్నాను.

"విశేషమేం లేదు కదా?"

"విశేషాలేముంటాయి వదినా? మీ తమ్ముడి గురక, నా జాగారం."

ఇద్దరం నవ్వుకున్నాం. రాసి, సంతకం పెట్టి, మాత్రలు నా చేత్తోనే ఇచ్చాను.

అది వెళ్ళిన కాసేపటికి దగ్గుమందు కోసం ఒక పెద్దాయన వచ్చాడు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "ఏమ్మా, ఏంటి విశేషాలు?" అన్నాడు.

"ఏమున్నాయండీ, అంతా మామూలే."

అన్నానో లేదో మరదలి జవాబు గుర్తొచ్చింది. నేనడిగింది కడుపు సంగతి. మరదలికి వినబడింది ఊసుపోక అడిగే కబురు. ఆ మాత్ర మొదటి నెలల్లో వాడనే కూడదు.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పెద్దాయన "నా మందో?" అంటున్నా వినకుండా షట్టర్ లాగేశాను. ఏమీ అయ్యుండదులే అని నాకు నేనే చెప్పుకుంటూ వీధంతా పరుగెత్తాను. ఏదైనా అయితే ఎలాగన్న భయం నాకంటే ముందు పరుగెడుతోంది.

మరదలు తలుపు తీసి, "అదేంటొదినా, అలా రొప్పుతున్నారు?" అంది.

"నువ్వు కడుపుతో ఉన్నావా?"

నీళ్ళు నమిలింది. "మొన్ననే తెలిసింది. ఈసారి నిలిచాక చెబుదామని..."

"మాత్ర?"

"వచ్చీ రాగానే వేసుకున్నా."

అక్కడే నిలబడి దాని డాక్టరుకు ఫోన్ చేశాను. "ఒక్క మాత్రకే కంగారు పడకండి. ఇంక వేయొద్దు, వెంటనే తీసుకురండి," అందావిడ. "ఇంతకీ రాసిందెవరు?"

"నేనే" అన్నాను.

మరదలికి అంతా అర్థమైంది. మొహం పాలిపోయింది. అయినా నా చెయ్యి పట్టుకుంది.

"మాత్రల పెట్టెలో జాగ్రత్తల కాగితం ఉంటుంది కదా వదినా, అది మొత్తం చదివితే గానీ నేనెప్పుడూ ఏ మందూ మింగను," అంది. "ఇవాళ మీరు రాశారు కదా అని చదవలేదు."